అలావుద్దీన్ కాగితం ముక్క

మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మింద అలావుద్దీన్ షెడ్డు ఉండాది. కారు ఏసీలు తప్ప ఇంగోటి ముట్టడు. మొదట వాల్మీకిపురంలో ఫ్రిజ్జులు బాగుచేసేటోడు. తర్వాత కుప్పంలో ఒక షోరూంలో చేరి, బాగుండే సామాన్లు మార్చమంటే మార్చనని ఆర్నెల్లకే బయటికొచ్చేసినాడు. ఆయన భార్య తాహెరా ఇప్పటికీ ఆ మాటెత్తి తిడతాది. ఆయప్ప వినపడనట్టు టీ తాగతాడు.

నేను ఆడికి పోయింది నా ఉద్యోగం కాపాడుకునేదానికి. నా పేరు మునిశేఖర్. పుంగనూరులో నారాయణమ్మ మేడం కారు తోల్తాను. ఆయమ్మ రిటైరైన హెడ్మిస్ట్రెస్. కొన్ని నెలలుగా ఆ కారులో ఏసీ ఇరవై నాలుగులో పెట్టినా ఊటీ చలే. గ్యాసు నింపించినాం, కంప్రెసర్ మార్పించినాం, ఏమీ తగ్గలా. "ఈసారీ బాగుకాకపోతే బండిని పాడుచేసింది నువ్వేననుకుంటా. ఇంకో డ్రైవర్ని చూసుకుంటా" అనేసింది మేడం. నాకు ఒళ్ళు మండిపోయింది. నేనేం చేసినాను? కన్నబిడ్డ మాదిరి చూసుకుంటాండాను ఆ బండిని!

అలావుద్దీన్ బానెట్ ఎత్తనే లేదు. లోపల కూర్చోని, "ఏసీ బాలేదంటే నాకు అర్థం కాదప్పా. ఎప్పుడు, ఎట్ల, యాడ... అంతా సెప్పు" అన్నాడు. చెప్పినా. మధ్యలో ఊర్లో మెకానిక్కులందర్నీ తిట్టినా. ఆయప్ప తిట్లు వదిలేసి మిగతాది విన్నాడు.

తర్వాత టిష్యూ పేపర్ ముక్క చింపి, స్టీరింగు పక్కన ఉండే చిన్న జాలీ మింద పెట్టినాడు. ముక్క జారి కింద పడింది.

"ఈ జాలీ గాలి పీల్చి కాగితాన్ని పట్టుకోవల్ల. లోపల సెన్సర్ ఉండాది. కారులో వేడి ఎంతో బండికి సెప్పేది అదే. దానికి గాలి తగల్లేదు, వేడెక్కి కూర్చోనుండాది. కారంతా కాలిపోతాండాదనుకోని బండి చల్లగాలి తోస్తాండాది."

జాలీ ఊడబెరికినాడు. లోపలంతా బూడిద. నాలుగు ఊదుబత్తి పుల్లల ముక్కలు.

శుక్రవారం శుక్రవారం ఆ బొక్కల్లో ఊదుబత్తి గుచ్చేది నేనే. పుల్ల లావుకు సరిగ్గా సరిపోతాది, కంపెనీవాళ్ళు దానికే పెట్టినారనుకున్నా. థూ, నా బతుకు చెడ!

"అన్నా, లోపల వైరు తెగిందని నువ్వే సెప్పు ఆయమ్మకి" అని బతిమాలినా.

"అబద్ధం నేను సెప్పను. నిజం నేను సెప్తే నీ ఉద్యోగం పోతాది. నువ్వు సెప్తే తిట్లతోనే సరిపోతాది" అని నా జేబులో ఫోను తీసి నా చేతిలోనే పెట్టినాడు.

మేడంకి ఫోను చేసి చెప్పేసినా. తిట్లు రాలేదు. అదే నాకు ఎక్కువ భయమైంది.

"ఎప్పట్నుంచి గుచ్చుతాండావు శేఖరా?"

"మీకు గుండె ఆపరేషన్ అయినప్పట్నుంచమ్మా, మీరు బాగుండల్లని."

"ఇంగ మీ ఇంట్లో దేవుని గూట్లోనే గుచ్చు" అనింది ఆయమ్మ.

"రేపు ఏడుకంతా నువ్వే బండి తీసుకురా. కుప్పం పోవల్ల."