గవాయోళ్ల మొగిలమ్మ

పాలకుర్తి దగ్గరి ఒక పల్లెలో ఉండే మొగిలమ్మకు డెబ్బై ఏడేళ్లు. ఆధార్ కార్డులో ఏ ఇంటిపేరున్నా ఊరు పిలిచేది మాత్రం గవాయోళ్ల మొగిలమ్మ అనే. గవాయి అంటే సాక్ష్యం. ఆమె తండ్రి యాకయ్య నిజాం పోలీసులకు గవాయి చెప్పి తోటివాళ్లను ముగ్గురిని చంపించాడని ఊరి నమ్మకం. తండ్రి పోయేనాటికి ఆమె తల్లి కడుపులో ఉంది. ఆయన ముఖం ఎరగదు గానీ, ఆయన చేశాడన్న పనిని మాత్రం పుట్టిన నాటి నుంచీ మోస్తూనే ఉంది.

జరిగింది ఇది. నిజాం మీద తిరగబడిన సంఘంలో తిరిగే నలుగురు ఒకే రోజు పట్టుబడ్డారు. ముగ్గురిని ఊరవతల నిలబెట్టి కాల్చారు. యాకయ్యను మాత్రం కచేరీకి, అంటే పోలీసు ఠాణాకు తీసుకుపోయారు. వీడొక్కడినే ఎందుకు వదిలారని జనానికి అప్పుడే అనుమానం మొదలైంది. రెండు నెలలకు ఒక జవాను తీర్పు కాగితం తెచ్చి చావడి ముందు ఉర్దూలో గడగడా చదివాడు. వింటున్నవాళ్లలో ఒక్కరికీ ఉర్దూ రాదు. అంత పొడుగు కాగితంలో అందరి చెవికీ అందిన మాట ఒక్కటే, గవాయి. ఇంకేముంది, సర్కారు తీర్పు పక్కనే ఊరు తన తీర్పు చెప్పేసింది, గవాయి చెప్పాడు కాబట్టే ప్రాణం దక్కి జైలుతో సరిపోయిందని. ఆ తరువాత యాకయ్య జైల్లోనే జ్వరంతో పోయాడు. కాదని చెప్పుకోవడానికి మనిషే లేకుండా పోయాడు.

మొగిలమ్మ నాట్ల ముఠాకు పెద్ద. నలభై ఏళ్లు ఆ ముఠాను నడిపింది. ఆమె పట్టిన సాలు వంకర పోవడం ఎవరూ చూడలేదు. నాట్లేస్తూ ఆడవాళ్లు ఆ ముగ్గురి మీద పాట ఎత్తుకునేవాళ్లు. మొగిలమ్మ దగ్గరికి రాగానే పాట ఆగిపోయేది. "ఎందుకు ఆపుతరు?" అని ఆమే అందుకుని చివరిదాకా పాడేది. మొండితనమని కొందరు, సిగ్గులేనితనమని కొందరు అనుకున్నారు. ఇంటికొచ్చాక ఆమె అన్నం ముట్టేది కాదని ఎవరికి తెలుసు?

సెప్టెంబరు పదిహేడు వచ్చిందంటే ఊళ్లో జెండా ఎగురుతుంది. ఆ రోజును ఒకరు విలీనమంటారు, ఒకరు విమోచనమంటారు, గద్దెనెక్కినవాళ్లు మారితే పేరూ మారుతుంది. ఈసారి ఊరివాళ్లు ఆ ముగ్గురి గుర్తుగా రాయి పెట్టాలనుకున్నారు. కమిటీ నడిపే రాకేష్ రాయించిన మాటలు పంచాయతీ ముందు చదివి వినిపించాడు. ముగ్గురి పేర్లు, కింద ఒక వాక్యం: సాటివాని ద్రోహానికి బలైన వీరులు. అందరూ చప్పట్లు కొట్టారు. మొగిలమ్మ వెనక వరుసలో కూర్చుని విన్నది. నోటి మాటను నోటితో ఎదుర్కోవచ్చు, రాతి మీద చెక్కితే మనవల మనవలు కూడా చదువుతారు. ఆ రాయి అట్లా లేవనివ్వకూడదని అక్కడే గట్టిగా అనుకుంది.

జవాను చదివి తన తల్లి చేతిలో పెట్టిపోయిన ఆ తీర్పు కాగితం ఆమె దగ్గరే ఉంది. తల్లి సమ్మమ్మ దాన్ని పారేయలేదు, చదివించనూ లేదు. చదివిస్తే ఉన్న అనుమానం కాస్తా ఖాయమైపోతుందని భయం. తల్లి పోయాక మొగిలమ్మకూ అదే భయం. నిజంగానే నాయిన చెప్పి ఉంటే? అయినా సరే, మర్నాడు పొద్దున్నే కాగితం కొంగున కట్టుకుని హనుమకొండ బస్సెక్కింది.

అక్కడ రాజేశ్వర్ రావు అని తొంభై ఏళ్ల పెద్దాయన ఉన్నాడు. నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదివి, వకీళ్ల దగ్గర గుమాస్తాగా పనిచేసినవాడు. మొగిలమ్మ సంగతంతా చెప్పి, మంచైనా చెడైనా దాచకుండా చదవమంది. ఆయన భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"అమ్మా, జుర్మ్ బగావత్ అని ఉన్నది. అంటే నేరం రాజద్రోహం. మూడేండ్లు ఖైదు. గవాహీ దేనే సే ఇన్కార్ అని గూడ ఉన్నది. సంఘంల మిగిలిన తోటోళ్ల మీద గవాయి చెప్తే ఇడిసిపెడ్తమన్నరట. మీ నాయిన చెప్పనన్నడు."

మొగిలమ్మకు ఏడుపు ఆగలేదు. ఊరంతా గవాయి వరకే విని, ఇన్కార్ అర్థంకాక వదిలేసింది. ఆ ఒక్క మాటకు తన తల్లి బతుకంతా తలొంచుకుని గడిచింది. పెద్దాయన తన చిన్నప్పటి రోజులు తలచుకున్నాడు. బాగీ, అంటే తిరుగుబాటుదారు అన్న మాట తన తండ్రి ఇంట్లో అననిచ్చేవాడే కాదట, ఇప్పుడు ఆ బాగీలకే దండలు వేస్తున్నారట. తరువాత కాగితం అడుగుకు వచ్చి ఆగాడు. సర్కారు తరఫున గవాయి చెప్పినవాళ్ల పేర్లు రెండున్నాయి, మీ ఊరివాళ్లే, చదవమంటావా అని అడిగాడు. మొగిలమ్మ కళ్లు తుడుచుకుని వద్దంది. ఆయన మళ్లీ అడిగినా వద్దనే అంది.

ఆ సాయంత్రమే కమిటీ కూర్చుంది. మొగిలమ్మ కాగితం బల్ల మీద పెట్టి, పెద్దాయన చెప్పింది అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. రాకేష్ ఉర్దూ తెలిసిన తన దోస్తుకు ఫోటో పంపి, ఆ వాక్యం వరకు అడిగాడు. అతనూ అదే చెప్పాడు. చనిపోయిన ముగ్గురిలో ఒకాయన మనవరాలు కళావతి లేచింది. మరి మా తాతను పట్టిచ్చింది ఎవరో తేలాలి కదా అని నిలదీసింది.

"కింద రెండు పేర్లున్నయట కళావతీ, మనూరోళ్లయే. నేను చదివియ్యలే. గా పేరు ఒక ఇంటి మీద పడితే ఎట్లుంటదో నాకెరుకే. మీకు చదువుకోవాల్నని ఉంటే కాయితం గిదే, చదువుకోండ్రి."

ఎవరూ చెయ్యి చాచలేదు. అక్కడున్న ప్రతి ఇంటికీ ఆ రోజుల్లో ఒక తాతో, తాత అన్నో ఉన్నాడు. రాకేష్ ఫోనును జేబులో పెట్టుకున్నాడు. కళావతే ద్రోహం అన్న ఆ లైను కొట్టేయమని, యాకయ్య తాత పేరు నాలుగోదిగా చెక్కమని చెప్పింది. ఒక్కరూ కాదనలేదు.

రాకేష్ ఊపిరి పీల్చుకుని పెన్ను తీశాడు. నలుగురి కింద అమరవీరులు అని రాసేద్దాం, ద్రోహం మాటే ఇక వద్దు అన్నాడు. మొగిలమ్మ ఒప్పుకోలేదు.

"మా నాయిన పేరు పక్కన ద్రోహమనే రాయి బిడ్డా. నిజాం సర్కారుకు ద్రోహం చేసిండని, ఎవలికి చేసిండో సుత రాయి."