తెరచాపకు పట్టిన ఘాటు

నాకో చిన్న ఫైబర్ గ్లాస్ తెరచాప పడవ ఉంది. ఏళ్లుగా పాలేరు జలాశయంలో తిప్పుతున్నాను. అది నన్ను ఒడ్డుకు చేర్చిన రోజులకంటే, నేనే ఈదుతూ దాన్ని లాక్కొచ్చిన రోజులు ఎక్కువ. మొన్న అడుగున పగులుకు మళ్లీ అతుకు వేశాను. ప్రతిసారీ అతుకు పడ్డాక మా పాస్టరు గారు ఒడ్డున నిలబడి ప్రార్థన చేస్తారు. ఈ రోజు సంఘమంతా చూస్తోందని ధైర్యం చేసి పడవే ఎక్కారు.

తెడ్డు వేసుకుంటూ కొంచెం దూరం పోయాక ఆయన కళ్లు మూసుకుని "పరలోకపు తండ్రీ" అన్నారు. నేను సంచిలోంచి తెరచాప తీసి పైకి లాగాను. గాలికి అది ఒక్క విదిలింపు విదిలించుకుంది. ఎర్రటి పొడి ఇద్దరి ముఖాలనూ కప్పేసింది. తుమ్ముల మధ్య ఆయన "ప్రభువా, జల్దీ ఒడ్డుకు చేర్చు" అని ఏడ్చారు. అంత ఆర్తిగల ప్రార్థన నేనెప్పుడూ వినలేదు.

ఒడ్డుకు రాగానే మా ఆవిడను పక్కకు పిలిచాను.

"దీనిమీద ఏం ఆరబోసినవే?"

"మిర్చి. ఆరబోసే పట్టా చినిగింది. మీ గుడ్డ ఊకెనే పడి ఉంటది గదా!"

ఇటు చూస్తే, పాస్టరు గారి కన్నీళ్లకు కరిగిపోయి సంఘమంతా మోకాళ్ల మీద పడి ఏడుస్తోంది. ఆయన ప్రసంగాలకు సగం మంది నిద్రపోతారు, ఇలా ఏడవడం ఇదే మొదలు.

పాస్టరు గారు ముక్కు తుడుచుకుంటూ నా చెవిలో అన్నారు: "తమ్మీ, ఆ గుడ్డ దులపకు. వచ్చే ఆదివారం గట్లనే చర్చికి తీస్కరా."

చీపురు పట్టుకుని నిలబడ్డాను. దులపమంటారా, వద్దంటారా?