రింగులో కూర్చుండిపోయిన వీరుడు

ఓడిపోయిన బాక్సర్ల కథలు మీరు చాలా విని ఉంటారు. ఆట సగంలో రింగు మధ్యన బాసింపట్టు వేసుకుని కూర్చుని, "నేను లేవను" అని మొండికేసిన బాక్సరు కథ మాత్రం విని ఉండరు. ఆ ఘనకార్యం చేసింది నేనే. సూరత్‌లో మా తెలుగువాళ్ళ గల్లీలో ఎవరినడిగినా చెబుతారు. కాకపోతే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. భుజం జారిందని ఒకరు, అమ్ముడుపోయానని ఒకరు, ముందురోజు మిర్చి బజ్జీలు ఎక్కువయ్యాయని మా అమ్మ. అసలు కారణం ఇప్పుడు చెబుతాను. నవ్వండి, పరవాలేదు. పోయిన పరువు ఎలాగూ పోయింది.

అప్పట్లో నేను సూరత్ పక్కనే ఉన్న పల్సానాలో పవర్‌లూమ్ మగ్గాలు నడిపేవాడిని. సాయంత్రం కాగానే జయేశ్‌భాయ్ అనే కోచ్ దగ్గర బాక్సింగు. నాతో తలపడ్డవాళ్ళెవరూ మొదటి రౌండు దాటలేదు. దాంతో నా నడకే మారిపోయింది. అద్దం కనిపిస్తే ఆగి కండలు చూసుకునేవాడిని. అద్దం లేకపోతే ఎవరి బైకు అద్దమైనా సరే. ఒకసారి ఆ బైకు మీద మనిషి కూర్చుని ఉన్నాడని కూడా గమనించలేదు.

మా గల్లీలోనే స్వప్న ఉండేది. ఇంట్లోనే చీరలకు లేసులు కుట్టే పని. తనంటే నాకిష్టం, నేనంటే తనకిష్టం. అడ్డమల్లా వాళ్ళ నాన్న ఓదెలు మామ. మగ్గాల మెకానిక్కు. చప్పుడు విని మగ్గానికి ఎక్కడ జబ్బుందో చెప్పేస్తాడు గానీ, మనిషితో రెండు మాటలు మాట్లాడడం ఆయనకు మహా కష్టం. మా అమ్మ ధైర్యం చేసి సంబంధం అడిగింది.

ఆయన చాయ్ మొత్తం తాగి, గ్లాసు కింద పెట్టి అన్నాడు. "పోరడు మంచోడే చెల్లే. గని కొట్టుడే పనిగ వెట్టుకున్నడు. రేపు ఇంట్ల కోపమొస్తె ఏంది? ఆల్థాన్ల వాని ఆట ఉందట గద. జర చూసొచ్చి చెప్త."

అంటే ఏమిటి? ఆల్థాన్ హాల్లో జరిగే ఒక్క ఆటతో నా పెళ్ళి తేలిపోతుంది. గెలవాలి, పైగా మర్యాదస్తుడిలా గెలవాలి.

స్వప్న నాకంటే ఎక్కువ హడావిడి పడింది. బంగారు రంగు బట్ట తెచ్చి, రహస్యంగా నాకో లాగు కుడతానంది. మెట్ల మీద నిలబడి అడిగింది.

"ఎలాస్టిక్ ఎయ్యాల్నా, బొందు ఎయ్యాల్నా?"

"ఎలాస్టిక్ చిన్న పోరగాండ్లకు! బొందే ఎయ్యి. మా మగ్గం దారంతోని నేనే అల్లుకొస్త. మెరవాలె."

"సరే గని, మా నాయినకు తెల్వొద్దు. నేను కుట్టిచ్చిన్నని తెలిస్తె పెండ్లి సంగతి అటుంచు, నన్ను ఊరికి తోలుతడు."

"నా తల పగిలినా చెప్ప."

తల పగిలినా చెప్పనని ఊరికే అనకండి. దేవుడు ఒక్కోసారి శ్రద్ధగా వింటాడు.

ఇక్కడ మీకు మా పని గురించి ఒక ముక్క చెప్పాలి. మగ్గం మీద దారం తెగితే క్షణంలో ముడి వేయాలి. వేసిన వెంటనే చిన్న కత్తెరతో రెండు కొసలూ మొదలుకంటా కత్తిరించాలి. కొస మిగిలితే పక్క దారాలకు చిక్కుకుంటుంది, బట్ట పాడవుతుంది, సేటు నోరు తెరుస్తాడు. రోజంతా ఇదే పని. ముడి, టక్, టక్. కొన్నాళ్ళకు వేళ్ళు మెదడును అడగడం మానేస్తాయి. ఒకసారి మా ఇంట్లో టిఫిను మూటకట్టి దాని చెవులు కూడా కత్తిరించేశాను. అమ్మ తిట్టింది. అప్పుడైనా బుద్ధి రావాలి కదా? రాలేదు.

ఆట రోజు లోపలి గదిలో నా చేతులకు గుడ్డ పట్టీలు చుట్టి, జయేశ్‌భాయ్ తొందరపెట్టాడు. "చల్ నరేశ్, జల్దీ కర్! తేరా నంబర్ ఆ గయా!"

బంగారు లాగు వేసుకున్నాను. బొందు బిగించాను. ముడి వేశాను. పట్టీలు కత్తిరించిన కత్తెర బల్ల మీదే ఉంది. టక్. టక్. రెండు కొసలూ కింద పడ్డాయి. ముడి ఎంత నాజూగ్గా ఉందో! నన్ను నేనే మెచ్చుకుని చేతులకు గ్లోవ్స్ తొడిగించుకున్నాను.

రింగులో అవతల హజీరా కంపెనీ కాలనీ కుర్రాడు. దోమతెర కర్రల్లాంటి చేతులు. వాడిని చూసి జాలిపడ్డాను కూడా. ముందు వరసలో ఓదెలు మామ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. వెనకాల మా గల్లీ మొత్తం, ఫోన్లు పైకెత్తి.

గంట మోగింది. నా పేరు మోసిన కుడి గుద్దు విసిరాను. వాడు తప్పుకున్నాడు. నా నడుం దగ్గర ఏదో చల్లగా పాకింది.

ముడి జారింది. అది మామూలు నూలు కాదండీ, నున్నటి పాలిస్టర్. కొసలుంటే ఎంతోకొంత ఆగేది. ఆగడానికి కొసలేవి? బొందు రెండువైపులా నడుం పట్టీలోకి సర్రున దూరిపోయింది. లాగు ఒక వేలెడు కిందికి దిగింది.

దిగితే దిగింది, లోపల ఇంకోటి ఉంటుంది కదా అంటారేమో. ఉంది. మా అమ్మ కుట్టింది. మిల్లులో రంగు తేడా వచ్చి పక్కన పడేసిన చీర ముక్కతో. గులాబీ రంగు మీద ఆకుపచ్చ చిలకలు.

ఎడమ మోచేతిని నడుముకు అదిమిపెట్టాను. అంతే, నా ఎడమ చెంప వాడికి తలుపు తీసిన ఇల్లయింది. వాడు దర్జాగా వచ్చి పోసాగాడు.

"నరేశన్నా, ఎడమ చెయ్యి లేపే!" అని మా గల్లీ అరిచింది.

లేపితే ఏమవుతుందో మీకేం తెలుసురా! లేపితే చిలకలు ఎగురుతాయి!

రౌండు అయ్యాక మూలన స్టూలు మీద కూలబడ్డాను. జయేశ్‌భాయ్ నీళ్ళు కొడుతూ గింజుకున్నాడు. "హాథ్ ఊపర్ కర్! హాథ్!"

"నహీ హోతా భాయ్."

"క్యూఁ? కంధా గయా క్యా?"

"హాఁ, కంధా." భుజం జారిందనే పుకారు పుట్టింది అక్కడే.

కోచ్‌కు నిజం చెప్పి ఉండవచ్చు కదా అని మీరు అడుగుతారు. జయేశ్‌భాయ్ గొంతు సంగతి మీకు తెలియదు. ఆయన గుసగుస వీధి చివరికి వినిపిస్తుంది. "ఈ లాగు కుట్టిందెవరు?" అని మొదట అదే అడుగుతాడు. ముందు వరసలో ఓదెలు మామ. స్వప్న ముఖం గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాను. పోనీ నేనే కట్టుకుందామంటే, గ్లోవ్స్ తొడిగిన చేతులతో ముక్కు కూడా గోక్కోలేం.

రెండో రౌండు మొదలైంది. వాడు గుద్దుతున్నాడు, నేను తింటున్నాను. వాడికే మొహమాటం వేసినట్టుంది, మధ్యలో ఒకసారి ఆగి నావైపు వింతగా చూశాడు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. లాగు రెండు అడుగులు వేసింది. ఇక మిగిలిన దారి ఒక్కటే. కూర్చున్నాను.

రిఫరీ లెక్కపెట్టడం మొదలుపెట్టి, నా ముఖం చూసి మానేశాడు. "ఉఠో!"

"నహీ ఉఠూంగా."

"చోట్ లగీ?" అని వంగాడు, దెబ్బ తగిలిందేమోనని.

"నహీ."

"తో ఫిర్?"

"బస్. నహీ ఉఠూంగా."

పసిపిల్లాడు బొమ్మల కొట్టు ముందు కూర్చున్నట్టు కూర్చున్నాను. నా గొప్పలన్నీ, ఆ బైకు అద్దాలన్నీ కళ్ళముందు తిరిగాయి. ఏడుపొచ్చింది, నిజంగానే. అప్పుడు మూలవైపు తిరిగి అరిచాను. "జయేశ్‌భాయ్, టువాల్! టువాల్ డాలో!"

కోచ్ తువ్వాలు రింగులోకి విసిరితే ఓటమి ఒప్పుకున్నట్టు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అడిగాను. అది వచ్చి పడగానే ఎలాగోలా నడుముకు చుట్టి, అదిమిపట్టుకుని లేచాను. రిఫరీ మా ఇద్దరి చేతులూ పట్టుకుని ఫలితం చెప్పాలి. నా చెయ్యి అడిగాడు. ఇవ్వలేదు. ఆ చేతికి వేరే పని ఉంది.

ఆ వీడియో పల్సానా నుంచి మా ఊళ్ళున్న కరీంనగర్ దాకా పోయింది. నేను ఇంట్లోంచి బయటికి రాలేదు. స్వప్న ఏడుస్తూ ఫోన్ చేసింది. "నా కుట్టు ఊడిందా? నిజం చెప్పు." నేనిక ఆగలేకపోయాను. లాగు పంపించాను. తిప్పి చూసి మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి చాలాసేపు నవ్వింది. "కొసలు కోసినవా? మగ్గం అనుకున్నవా ఏంది నీ నడుమును?"

రెండు రోజులకు ఓదెలు మామ మా ఇంటికొచ్చాడు. ఇక అయిపోయిందనుకుని తలుపు చాటున నిలబడ్డాను. ఆయన మళ్ళీ చాయ్ మొత్తం తాగాడు. మా అమ్మ ప్రాణం ఆ గ్లాసు అడుగున ఉంది.

"పెండ్లి వెట్టుకుందాం చెల్లే."

"అన్నా, పోరడు ఓడిపాయె గద!"

"కొట్టుడు తెలిసినోళ్ళు మస్తు మంది ఉన్నరు. ఆపుడు ఎరుకైనోడు దొరకడు."

ఆహా, నా ఓటమిలో ఎంత జ్ఞానం చూశాడు ఈ అమాయకపు మనిషి అనుకున్నాను. నిజం ఎప్పటికీ తెలియకూడదని దేవుడికి మొక్కుకున్నాను కూడా.

పెళ్ళి రోజు వచ్చింది. మేళం మోగుతోంది. స్వప్న మెడలో పుస్తె కట్టి మూడు ముళ్ళూ వేశాను. ముళ్ళు చక్కగా పడ్డాయి. అంతలో నా కుడిచెయ్యి, నన్ను అడక్కుండానే, పంచె మడతలో కత్తెర కోసం వెతకడం మొదలుపెట్టింది.

ఎవరో ఆ చేతిని గట్టిగా పట్టుకున్నారు. ఓదెలు మామ. నా చెవి దగ్గరికి వంగాడు.

"అల్లుడా, కొసలు ఉండనియ్యి."

నాకు ముచ్చెమటలు పట్టాయి. "మామా, నీకెట్ల..."

"మొదటి రౌండ్లనే చూసిన, ముడికి కొసలు లెవ్వు, నడుం పట్టుకున్నవు. ఆ లాగు మీది కుట్టు నా బిడ్డది గాదా? దాని పేరు బయటపడొద్దని ఊరి ముందర తన్నులు తిన్నవు. అందుకే పిల్లనిచ్చిన." ముఖం ఏమాత్రం మారకుండా అన్నాడు. "చిలకలు గూడ కనవడ్డయ్."

కాబట్టి అగ్నిసాక్షిగా, అత్తమామల సాక్షిగా, ఆ ఆకుపచ్చ చిలకల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. మగ్గం మీద తప్ప ఈ జన్మలో మరెక్కడా ముడి కొసలు కత్తిరించను. బొందు అనే వస్తువును నా నడుం దరిదాపుల్లోకి రానివ్వను. ఇప్పుడు నా లాగులన్నీ స్వప్నే కుడుతుంది. చిన్న పోరగాండ్లకు వేసే ఎలాస్టిక్కే, రెండు వరసలు.