నీళ్ళు చొరని పెట్టె

గుగ్గిలం వాసన తగిలితే నాకు పుస్తకాలు గుర్తొస్తాయి. ఎవరికైనా చెబితే నవ్వుతారు, గుగ్గిలానికి పడవలు గుర్తు రావాలిగానీ పుస్తకాలేమిటని. మొన్న మేముండే లంబాలైన్‌లో మా పక్కింటావిడ దోమల కోసమని సాయంకాలం నిప్పుల మీద ఇంత గుగ్గిలం చల్లింది. ఆ పొగ మా కిటికీలోంచి వచ్చి చుట్టుకునేసరికి, ఇంటి మీదుగా విమానం వెళ్ళిన సంగతి కూడా తెలియకుండా, చేతిలో తరుగుతున్న ఆనపకాయతో అలాగే కూర్చుండిపోయాను.

మా చిన్నప్పుడు ఇదే పోర్ట్ బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్ ఒడ్డున ఉండేవాళ్ళం. శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చిన వేటవాళ్ళ ఇళ్ళ వరస అది. మా అయ్య చేపల వేటకు వెళ్ళేవాడు, వేట లేని రోజుల్లో ఆ వరస పడవలన్నీ బాగుచేసేవాడు. ఆయనకు అక్షరమ్ముక్క రాదు. అమ్మ మాత్రం ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. పెళ్ళయి ఈ ద్వీపంలో దిగిననాడు ఆమె రేకు పెట్టెలో రెండు చీరలు, ఏడు పుస్తకాలు ఉన్నాయట. అది చూసి మా నాయనమ్మ వారం రోజులు ముఖం మాడ్చుకుందట.

వైజాగ్ జహాజ్, అదే ఓడ, వచ్చిందంటే మా వరసంతా తిరణాలే. చింతపండు బుట్టలు, ఆవకాయ జాడీలు, గాజుల పెట్టెలు, చుట్టాల కబుర్లు అన్నీ ఒక్కసారిగా ఒడ్డున పడేవి. అందరూ సరుకు చూసుకుంటుంటే మా అమ్మ ఆ సరుకు చుట్టిన కాయితాలు అడిగి తెచ్చుకునేది. వారపత్రికల సీరియళ్ళు వాటిలో వచ్చేవి. ఆ పేజీల మీది నూనె మరకలు గుడ్డతో అద్ది తీసి, తడి ఆరబెట్టి, వరస ప్రకారం పేర్చి, అయ్య వల దారంతో కుట్టి, పాత కేలెండరు కాయితంతో అట్ట వేసేది. ఒక సీరియల్లో ఒక్క వారం తప్పిపోతే రెండేళ్ళు ఎదురుచూసింది. చివరికది ఎవరింటికో వచ్చిన ఇంగువ పొట్లానికి చుట్టుకుని దొరికింది. ఆ రోజు మా ఇంట్లో గంగమ్మ పండగకు చేసినట్టే బూరెలు వండింది. ఎందుకు వండిందో తెలియకుండానే వరసంతా తిన్నారు.

అలా కూడి కూడి నలభై పైచిలుకు పుస్తకాలు అయ్యాయి. కూడబెట్టడం ఒక ఎత్తు, కాపాడుకోవడం ఒక ఎత్తు. ఏడాదిలో సగానికి పైగా వాన కురిసే చోట కాయితం బతకడం కష్టం. మే నెలాఖరుకి మొదలయ్యే వాన, గోడలకు చెమ్మ, చెమ్మకు బూజు, బూజుకు తోడు చెదలు. కాస్త ఎండ పొడిచిందంటే అమ్మ వాకిట్లో రెండు చాపలు పరిచేది, ఒకదాని మీద ఎండుచేప, ఒకదాని మీద పుస్తకాలు. కాకుల్ని తోలడం నా పని. అందుకే మా ఇంట్లో ప్రేమకథలన్నీ నెత్తళ్ళ కంపు కొట్టేవి.

ఒక ఎండాకాలం అయ్యకు ఈ తంతు మీద విసుగో, అమ్మ మీద జాలో తెలియదుగానీ, ఎవరికీ చెప్పకుండా పుస్తకాలకు పెట్టె మొదలుపెట్టాడు. ఎర్రటి పడాక్ కలప తెచ్చి, పలకల సందుల్లో డోంగీ పడవకు కుక్కినట్టే నూలు కుక్కి, గుగ్గిలం నూనెలో కాచి లోపలా బయటా దట్టంగా పూశాడు. అంతటితో ఆగలేదు. అందులో ఎండిన తమలపాకు ఒకటి పెట్టి, మూత బిగించి, వరసంతా చూస్తుండగా పెట్టెను సముద్రంలో తేల్చాడు. పైన నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టాడు, అందులో నేనొకదాన్ని. ఒడ్డుకు లాగి తీస్తే తమలపాకు గలగలమంది.

"సుక్క నీరు దూరదే. సూసుకో" అన్నాడు అమ్మతో. అంత గర్వం ఆయన ముఖంలో మళ్ళీ చూడలేదు.

"పెట్టి సెయ్యబోయి పడవ సేసీసినావేటి మావా!" అని అమ్మ నోటికి చెంగు అడ్డుపెట్టుకుని నవ్వింది.

తొలివాన పడ్డ సాయంత్రం పుస్తకాలన్నీ సర్ది, మూత చుట్టూ కూడా గుగ్గిలం పూసేశారు. దసరా దాకా తియ్యవద్దని అయ్య ఆజ్ఞ. అమ్మకు నోట్లో పళ్ళు పీకేసినట్టు ఉండేది పాపం, రోజూ పెట్టెను తుడిచి ఊరుకునేది.

దసరాకు మూత తీశారు. ముందు వాసన వచ్చింది. తర్వాత చూస్తే పుస్తకాల మీద తెల్లగా, పచ్చగా, నల్లగా దట్టంగా బూజు. బయటి నీరు ఒక్క చుక్క దూరలేదు. తొలివాన నాటి చెమ్మ మాత్రం పుస్తకాలతో పాటు లోపలికి వెళ్ళి బయటికొచ్చే దారి లేక అక్కడే కాపురం పెట్టింది.

"నీరు దూరనేదే... ఒక్క సుక్క దూరనేదే" అని అయ్య అదే మాట అంటూ పెట్టె నాలుగు మూలలూ తడుముతున్నాడు. పక్కింట్లో ఉండే మిల్లు వడ్రంగి, రాంచీ భయ్యా అనేవాళ్ళం, వచ్చి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "అరే భయ్యా, కాగజ్ కో హవా చాహియే!" అన్నాడు. కాయితానికి గాలి కావాలన్న సంగతి పడవలు చేసే మా అయ్యకు ఎలా తెలుస్తుంది?

పొయ్యి చుట్టూ ఆరబెట్టి, గుడ్డతో తుడిచి, చాలావరకు బతికించుకున్నాం. అమ్మకు ప్రాణమైన నవల ఒకటి ఉండేది, పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. అందులో పన్నెండు పేజీలు ఒకదానికొకటి అంటుకుని ముద్దయిపోయాయి. అయ్య మూడు రోజులు వేటకు వెళ్ళలేదు, అన్నం సరిగ్గా తినలేదు. నాకు ఆయన్ని చూస్తే ఏడుపు వచ్చేది.

"ఊరుకో మావా. ఆ పేజీలు నాకు నోటికొచ్చు. పోనాయని ఎవులన్నారు?" అంది అమ్మ.

ఆ తర్వాత అయ్య పట్టుబట్టి ఒక్కో పుస్తకానికి ఒక్కో గూడు చేశాడు. ప్లైవుడ్ మిల్లులో పారేసే పల్చటి చెక్క పొరలు రాంచీ భయ్యా తెచ్చిచ్చేవాడు. అయ్య దారంతో పుస్తకం పొడవు, వెడల్పు, మందం కొలిచి ముళ్ళు వేసుకునేవాడు, జాకెట్టుకు కొలత తీసుకున్నంత శ్రద్ధగా. ప్రతి గూటికీ గాలి ఆడేందుకు వెనక సన్నటి చిల్లులు, అడుగున పురుగు పట్టకుండా చిన్న వస కొమ్ము. పేర్లు చదవలేకపోయినా, ఏ గూడు ఏ పుస్తకానిదో ముట్టుకుని చెప్పేవాడు.

సాయంకాలాలు అమ్మ ఆ నవల చదివేది, చుట్టూ వరసలోని ఆడవాళ్ళు, కాస్త ఎడంగా వల బాగుచేసుకుంటూ అయ్య. కథలో శాంత అనే అమ్మాయి ఇల్లు విడిచి, వానలో తెలియని స్టేషన్లో ట్రంకుతో దిగుతుంది. అక్కడితో పేజీలు పోయాయి. అమ్మ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నోటితో చెప్పేది. ప్లాట్‌ఫారం మీదికి ఒక మనిషి వస్తాడు. మాట్లాడడం రాదు, గొడుగు లేదు. చొక్కా విప్పి ఆ ట్రంకు మీద కప్పి, తను వానలో తడుస్తూ తెల్లవారే దాకా కాపలా ఉంటాడు.

"మరాడు మల్లీ అగుపించడేటే?" అని అయ్య ప్రతిసారీ అడిగేవాడు.

"అగుపిత్తాడు, తరవాత" అనేది అమ్మ. చదువు నేర్చాక నేను చివరిదాకా వెతికి, ఆ మనిషి లేడేమని నిలదీశాను. "పుస్తకంలో అందరూ ఆకరి దాకా ఉంటారేటే?" అని నా నెత్తిన మొట్టింది.

అయ్య పోయి, అమ్మ కూడా పోయాక, ఒకసారి వైజాగ్‌లో రోడ్డు పక్క పాత పుస్తకాల్లో అదే నవల దొరికింది. ఆ పన్నెండు పేజీలు నిలబడే చదివాను. స్టేషన్ ఉంది, వాన ఉంది. శాంత రాత్రంతా బెంచీ మీద ఒంటరిగా కూర్చుని, పొద్దున్నే ట్రంకు తనే ఎత్తుకుని వెళ్ళిపోతుంది. ఎవరూ రారు. పోయిన పేజీల్లోకి అమ్మ తెచ్చిపెట్టిన, మాటలు రాని ఆ మనిషి ఎవరో నాకు అప్పుడు అర్థమై, దుకాణం ముందే వెక్కి వెక్కి ఏడ్చాను.

అక్కడ కొన్న ఆ పుస్తకం ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది, ఒక్క పేజీ పోకుండా. చెక్క గూళ్ళు పగిలిపోయాయి, రాంచీ భయ్యా వాళ్ళు తుష్నాబాద్ వైపు వెళ్ళిపోయారు, మా మనవరాలు తెలుగు మాట్లాడుతుందిగానీ చదవలేదు. దానికి కథ నేనే చెబుతాను, అమ్మ చెప్పినట్టుగా. అమ్మ ఆ చొక్కా రంగు కూడా చెప్పేది. అది విన్నప్పుడల్లా అయ్య తల వంచుకునేవాడు. ఆ రంగేదో నాకు గుర్తు రావడం లేదు.