స్కొలాస్టికా కట్టిన అడవల్లం ఆకు

స్కొలాస్టికా కత్తి ఝుళిపించి ఇరవైమంది మగాళ్లను వాగు దాటేదాకా తరిమిందని సంతలో చెప్పుకుంటున్నారు. అది జరగలేదు. ఆవేళ ఆమె కత్తి చేమతోటలో ఉంది, ముందురోజు మరిచిపోయి వచ్చేసింది. మంత్రం వేసిందని ఇంకొందరంటున్నారు. మంత్రం వెయ్యాలన్నా పది మాటలు వరసగా గుర్తుండాలి కదా! పొయ్యి మీద దుంపలు పెట్టి, కొండ మీద మంచు ఎటు జరుగుతోందో చూస్తూ కూచుని, అవి మాడి బొగ్గయ్యాక "వాసనొస్తోందే, ఎవరింట్లోనో మాడుతున్నట్టుంది" అనే మనిషి ఆమె.

బూగన్‌విల్ దీవి దక్షిణపు కొండల్లో, మా లోయలో, ఆమెను సగం నిద్రలో నడిచే మనిషి అంటారు. వాన పడితే మొగలాకుల గిడుగు నెత్తిన వేసుకుని, వక్క నములుతూ, ఎప్పుడో పోయిన వాళ్లమ్మతో మాట్లాడుకుంటూ పోతుంది. ఎదురొచ్చినవాళ్లను గుర్తుపట్టదు. నాలుగడుగులు దాటాక మాత్రం వెనక్కి తిరిగి, "నువ్వేనా? మీ పంది ఈనిందా?" అని అడుగుతుంది.

కోకోతోట నుంచి వాగు గట్టు దాకా నేల ఆమెదే. మాకు నేల తల్లి నుంచి కూతురికి వస్తుంది. దేన్నైనా ఎవరూ ముట్టుకోకూడదనుకుంటే ఆ నేల గల ఆడమనిషి అడవల్లం ఆకు కడుతుంది. కొబ్బరిచెట్టుకు కడితే కాయ దించకూడదు. దారికి అడ్డంగా కడితే దాటకూడదు. మగవాడు కట్టాలంటే ముందు ఆమెను అడగాలి.

చెల్లెలు కాన్పులో పోతే, ఆ బిడ్డ పెర్పెతువాను స్కొలాస్టికాయే పెంచింది. ఇప్పుడు బడిలో పాఠాలు చెబుతోంది ఆ పిల్ల. ఈ ఏడు ఎన్నికల్లో నిలబడింది. అది కూడా ఆడవాళ్లకు విడిగా ఉంచిన సీటుకు కాదు, అందరూ కొట్టుకునే సీటుకు. మర్నాడే మొదలయింది. ఇంటి రేకుల మీద రాళ్లు పడ్డాయి. ఫోనులో పేరు చెప్పని గొంతులు, "తప్పుకో, లేకపోతే ఇల్లుండదు" అన్నాయి. బడి గోడ మీద ఎవరో బొగ్గుతో బూతులు రాస్తే, పిల్లలు రాకముందే తనే నీళ్లు పోసి కడుక్కుంది. నాలుగు లోయలకూ ఒక్కడే పోలీసు. పాపం వచ్చాడు, అంతా రాసుకున్నాడు, "ఒంటరిగా తిరగొద్దు టీచరమ్మా" అని చెప్పి వెళ్లాడు.

ఇదంతా చేయిస్తున్నది ఎదురు నిలబడిన లారీల ఆసామి మనుషులు. వాళ్లకు ముందు నడిచేది లీనస్. స్కొలాస్టికా కన్నకొడుకు. ఒకే కంచంలో తిని పెరిగారు వాడూ పెర్పెతువా.

మొదటి సభకు బయల్దేరిన పొద్దున మంచు ఇంకా నేల మీదే ఉంది. ఎక్కడో కోకో గింజలు ఆరబెడుతున్న పొగ ఆ మంచులో కలిసి తియ్యగా వాసనేస్తోంది. వాగు దారిలో రెండు చెట్లకు అడ్డంగా అడవల్లం ఆకు కట్టి ఉంది. పెర్పెతువాతో వచ్చిన ఆడవాళ్లు టక్కున ఆగిపోయారు. అవతల లీనసూ నలుగురు నేస్తులూ వక్క నములుతూ కూచున్నారు.

"ఏమే టీచరమ్మా, ఆకు కనబళ్లేదా? కళ్లజోడు కొనిపెట్టమంటావా?"

"కనబడింది లీనసన్నా. కట్టినవాళ్ల బుద్ధి కూడా కనబడుతోంది."

"ఆడవాళ్లకు వేరే సీటుంది గదే. అక్కడ కూచోక ఇక్కడికెందుకు ఎగబాకడం?"

"కూచుని కూచుని నీకు నడుం పట్టేసింది. నన్నన్నా నిలబడనీ."

ఆడవాళ్లు నవ్వారు. లీనస్ నవ్వలేదు. "ఇది దాటితే తర్వాత జరిగేదానికి నన్ననొద్దు" అన్నాడు. పెర్పెతువా నవ్వు కూడా ఆగిపోయింది.

అప్పుడొచ్చింది స్కొలాస్టికా, అందరికన్నా వెనకాల. దారిలో రెండు ధనేశపక్షులు ఎగురుతుంటే రెక్కల చప్పుడు వింటూ నిలబడిపోయిందట. ఆకును పట్టుకుని చూసింది.

"ఇంత వదులుగా కట్టిందెవరే?"

"నేనే అమ్మా" అన్నాడు లీనస్.

"ఏ నేల మీద కట్టావు నాయనా?"

లీనస్ నోట్లో వక్క నమలడం మానేశాడు. వాడి పక్కనున్నవాడు మోచేత్తో పొడిచి, "ఒరేయ్, మీ అమ్మను అడగలేదా?" అన్నాడు.

"అడిగితే ఇస్తుందేంట్రా!"

"అడక్కుండా కట్టిన ఆకు కింద మమ్మల్ని కూచోబెట్టావా? మా అమ్మకు తెలిస్తే అన్నం పెట్టదురా నాయనా!" అంటూ ఒకడు లేచాడు. వాడి వెనకే ఇంకొకడు. మంచులోకి నాలుగడుగులు వేస్తే చాలు, మనిషి కనబడడు.

స్కొలాస్టికా ముడి విప్పింది. విప్పిన ఆకును పారెయ్యలేదు. ఏదో ఆలోచిస్తూ వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది. చివరకు పెర్పెతువా మణికట్టుకు కట్టేసింది. చెట్టుకు కట్టడం చూశాం గాని మనిషికి కట్టడం ఎవరమూ చూళ్లేదు.

"ఇది నా నేలలో మొలిచిన పిల్ల. దీన్ని ముట్టుకోవాలంటే నన్నడగండి" అంది.

వాగు దాటితే ఆమె నేల అయిపోతుంది. అవతలి గట్టు బిబియానాది. చేపల బుట్టతో నిలబడి అంతా చూసిన బిబియానా, "నీ ఆకు నా గట్టున పనిచెయ్యదే స్కొలాస్టికా" అంది. పెర్పెతువా ముఖం వాడింది. "చెయ్యదని చెబుతున్నాను గదా, చెయ్యి ఇటు పెట్టు పిల్లా!" అని తన గట్టున మొలిచిన ఆకు తుంచి కట్టింది. తన హద్దు దాకా తోడు నడిచింది. అక్కడ ఇంకో ఆమె అందుకుంది. అలా హద్దు నుంచి హద్దుకు, పసిబిడ్డను చేతులు మార్చుకున్నట్టు, ఆడవాళ్లు ఆ పిల్లను లోయంతా తిప్పారు. సాయంత్రానికి మోచేతి దాకా ఆకులే. ఆకు ఒక్కరోజులో వాడిపోతుంది కాబట్టి రోజూ పొద్దున్నే కొత్తది. స్కొలాస్టికా మరిచిపోతే పెర్పెతువా వచ్చి చెయ్యి చాపి నిలబడేది.

చిక్కల్లా ప్రచారం ఆఖరి రోజున వచ్చింది. అభ్యర్థులందరూ బంతాట మైదానంలో నిలబడి మాట్లాడాలి. రాని మనిషి తప్పుకున్నట్టే లెక్క. మైదానానికి వెళ్లాలంటే సర్కారు రోడ్డు మీద కొంత దూరం నడవాలి. రోడ్డు ఏ ఆడదాని నేలా కాదు. అక్కడ ఏ ఆకూ పనిచెయ్యదు. ఆ సంగతి లీనస్‌కూ తెలుసు. ఈసారి ఇరవైమందితో, రాళ్లు కుప్పపోసుకుని నిలబడ్డాడు.

"పెద్దమ్మా, వెనక్కి పోదాం. నీకేమన్నా అయితే?" అంది పెర్పెతువా.

స్కొలాస్టికా వినలేదు. ఆమె కళ్లు రోడ్డు మీద లేవు, రోడ్డు కిందెక్కడో ఉన్నాయి. పెర్పెతువా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా నడుస్తూ, తనలో తను చెప్పుకుంటోంది. "ఇది అమ్మ చేమ వరస. అడ్డంగా తొక్కకే. ఇక్కడ అరటి. ఇక్కడ నన్ను కూచోబెట్టి పేలు చూసేది." రోడ్డు వెయ్యకముందు అది వాళ్లమ్మ తోట. మా పెద్దవాళ్లకు తెలిసిందే, కంకర పడ్డాక అందరం మరిచిపోయాం. అన్నీ మరిచిపోయే మనిషికి అదొక్కటి గుర్తుంది. కంకర మీద లేని చేమ మొక్కల మధ్య దారి చేసుకుంటూ వంకరటింకరగా నడుస్తున్న ఆమె వెనకాల, పెర్పెతువా కూడా అలాగే నడిచింది. రాయి పట్టుకున్న చేతులు ఎత్తినవి ఎత్తినట్టే ఉన్నాయి.

లీనస్ ఎదుటికి వచ్చి ఆగింది. ఎంతో మెల్లగా అంది: "పక్కకు జరుగు నాయనా. నువ్వు నిలబడ్డది మీ అమ్మమ్మ పొయ్యి మీద."

లీనస్ కాళ్ల కిందికి చూసుకున్నాడు. కంకర తప్ప ఏమీ లేదు. అయినా గబుక్కున పక్కకు గెంతాడు, కాళ్లు కాలినట్టు. వాడు గెంతగానే మిగతావాళ్లు కూడా ఎవరి కాళ్ల కింద ఏముందోనని వెతుక్కుంటూ అంచులకు జరిగారు. అంతే జరిగింది. కత్తీ లేదు, మంత్రమూ లేదు. రోడ్డు పక్క మొలిచిన ఆకు తుంచి చెల్లెలి కూతురి మణికట్టుకు కట్టి, స్కొలాస్టికా మైదానంలో నీడ చూసుకుని కూచుంది. పెర్పెతువా మాట్లాడుతున్నంతసేపూ కునికిపాట్లు పడింది.

పెర్పెతువా కొద్ది ఓట్లతో ఓడిపోయింది. మళ్లీ నిలబడతానంటోంది. లీనస్ ఆదివారాలు వచ్చి, మాడిన దుంపలు నోరెత్తకుండా తిని వెళ్తున్నాడు. కానీ ఫోనులో గొంతులు ఇంకా ఆగలేదు. పోయిన వారం రేకుల మీద మళ్లీ రాయి పడింది. స్కొలాస్టికాకు మోకాళ్లు పట్టేసి, వాగు దాకా రాలేకపోతోంది.

మీలో ఎవరైనా బడి మీదుగా వెళ్తే ఒక్కసారి ఆగండి. టీచరమ్మను పలకరించి, మణికట్టు చూడండి. ఆకు పచ్చగా ఉంటే సరే. వాడి ఉంటే మాత్రం అక్కణ్ణుంచి నేరుగా స్కొలాస్టికా ఇంటికి వెళ్లి చెప్పండి. పొయ్యి మీద ఏమన్నా ఉంటే దించి మరీ చెప్పండి.