మా బావ కన్ను కొట్టిన సంగతి

మా అక్కను చేసుకున్నవాడు కాబట్టి నాకు బావ గానీ, వీధిలో అందరికీ ఆయన పొరల మేస్త్రి. కత్తులు చేస్తాడు. ఒక రకం ఉక్కు రేకు, దాని మీద ఇంకో రకం, మళ్ళీ మొదటిది, మళ్ళీ రెండోది, ఇలా దొంతరగా పేర్చి కొలిమిలో కాల్చి, కొట్టి కొట్టి ఒక్క దిమ్మగా అతికిస్తాడు. ఆ దిమ్మను సాగదీసి, మడిచి, మళ్ళీ అతికిస్తాడు. చివరికి కత్తి చేసి, నునుపు పట్టి, ఆసిడ్‌లో ముంచితే ఒక ఉక్కు నల్లబడుతుంది, ఇంకోటి తెల్లగా ఉండిపోతుంది. కత్తి ఒంటి నిండా నీటి అలల్లా చారలు తేలతాయి. వంట పని చేసేవాళ్ళు ఎంత దూరం నుంచైనా వచ్చి ఆ కత్తుల కోసం కూర్చుంటారు.

కూర్చోక తప్పదు. నిదానమే ప్రధానం అన్న మాట మా బావను చూసే పుట్టించి ఉంటారు. ఇల్లు అంటుకుందని చెబితే, ఏ వైపు నుంచని అడిగి, ఆలోచించి, అప్పుడు లేస్తాడు. నాకు అంత ఓపిక లేదు. కొలిమి గది పక్కనే నా మోటార్లు బాగుచేసే కొట్టు. దిమ్మ అతికే రోజు మాత్రం నా పని ఆపుకొని వెళ్ళి సమ్మెట పట్టుకుంటాను. బావ చిన్న సుత్తితో తట్టి చోటు చూపిస్తాడు, నేను పెద్ద దెబ్బ వేస్తాను. అక్క బ్లోయరు దగ్గర నిలబడి గాలి పెంచుతుంది, తగ్గిస్తుంది. పనిలో పనిగా ఆయనకు ఒక పాట పాడుతుంది. "ఆ దగ్గు వినండి ఒకసారి. ఇంక చాలు, ఈ పొగ మానేయండి." బావ వింటాడు, దగ్గుతాడు, బొగ్గు వేస్తాడు.

ఉక్కు ఉక్కును పట్టుకోవడానికి ఒకే ఒక్క వేడి ఉంది. అది తక్కువైతే పైకి అతికినట్టే కనిపించి లోపల ఎవరి దారి వాళ్ళదే. ఎక్కువైతే ఉక్కే కాలిపోయి రవ్వలు కక్కుతుంది, అవతల పారేయాలి. ఆ వేడి ఎప్పుడు వచ్చిందో బావ రంగు చూసి చెబుతాడు. పండు నిమ్మకాయ రంగు అంటాడు. ఎండ వెలుతురు ఆ రంగును మార్చేస్తుందని కిటికీలకు గోనెపట్టాలు కట్టి ఉంచుతాడు. వేడి కొలిచే మీటరు ఒకటి నేను తెచ్చి ఇచ్చాను. రెండు రోజులు దానికి మర్యాద చేసి, ఇది మంట వేడి చెబుతోంది గానీ దిమ్మ కడుపులో సంగతి చెప్పడం లేదని అటక మీద పెట్టేశాడు.

అలాంటి మనిషికి రెండు కళ్ళలోనూ శుక్లాలు వచ్చాయి. పొరల మేస్త్రికి కళ్ళలోనూ పొరలే అని వీధి అంతా నవ్వింది. ముందు నవ్వింది నేనే. కంటి డాక్టరమ్మ చూసి, ముందు కుడి కన్ను చేస్తాను, అది కుదుటపడ్డాక ఎడమది, అది మరీ ముదిరిపోతోంది కాబట్టి వాయిదా వేయకండి అని గట్టిగా చెప్పింది.

కుడి కంటి ఆపరేషన్ చక్కగా జరిగింది. కట్టు విప్పిన రోజు బావ ఆస్పత్రి గుమ్మంలో నిలబడి ఎదురుగా మందుల షాపు బోర్డు మొత్తం చదివాడు. అక్క కళ్ళు తుడుచుకుంది. డాక్టరమ్మ ఆయన వీపు తట్టింది. ఎలా ఉంది బావా అని అడిగితే, "తెల్లవన్నీ నీలిమందు పెట్టి ఉతికినట్టున్నాయిరా" అన్నాడు. అది మెచ్చుకోలు అనుకున్నాం మేం.

విశ్రాంతి రోజులు అయ్యాక కొలిమి వెలిగింది. మొదటి దిమ్మ బావ బయటికి తీశాడు, నేను కొట్టాను, చల్లారాక చివర కోసి సానపట్టి చూస్తే పొరల మధ్య సన్నటి నల్ల గీత. అంటే అతకలేదు. రెండోదీ అంతే. మూడోది సుత్తి కిందే ఉల్లిపాయలా విడిపోయింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు నేను బొగ్గును తిట్టాను. బ్లోయరు సరిగ్గా తిరగడం లేదేమో అని అక్క అనగానే నేను భుజాలు తడుముకున్నాను, దాన్ని బాగుచేసింది నేనే కాబట్టి. బావ విడిపోయిన ముక్కలు ఏరి మూల పడేసి చేతులు కడుక్కున్నాడు.

రెండో కంటి తేదీ దగ్గరపడింది. బావ రానన్నాడు. జలుబు అన్నాడు, పని ఉందన్నాడు, ఒక కన్ను చాలదా అన్నాడు. అక్కకు ఒళ్ళు మండిపోయింది. "బావా, మొదటి కంటికి లేని భయం రెండో కంటికేమిటి? కావాలంటే నేను చెయ్యి పట్టుకుని కూర్చుంటా" అని నేను ఆటపట్టించాను. మామూలుగా నా మాటకు ముసిముసిగా నవ్వే మనిషి ఆ రోజు లేచి కొలిమి గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడు కుట్టుపని చేసే ఆవిడ కత్తెర సాన పట్టించుకోవడానికి వచ్చి, బావ దగ్గరికి వెళ్ళినంత వేగంగా తిరిగి మా అక్క దగ్గరికి వచ్చింది.

"చెప్పకూడదు గానీ వదినా, మీ ఆయన నన్ను చూసి కన్ను కొడుతున్నారు. ఒకసారి కాదు. ఇటు కన్నూ, అటు కన్నూ."

అక్క ఆమెను ఎగాదిగా చూసింది. "పెళ్ళయి ఇన్నేళ్ళయింది, నాకు ఒక్క కన్ను కొట్టి ఎరగడు. నీకు రెండూ కొట్టాడా?"

ఆవిడ కత్తెర అక్కడే వదిలి వెళ్ళిపోయింది. నేను నవ్వలేక చచ్చాను. అక్క మాత్రం నవ్వలేదు. నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, గోనెపట్టా అంచు కొద్దిగా తొలగించి లోపలికి చూసింది. బావ పట్టకారుతో ఒక ఇనప ముక్కను నిప్పులో పెట్టి, ఒక కన్ను మూసి చూస్తున్నాడు. మళ్ళీ ఆ కన్ను తెరిచి రెండోది మూస్తున్నాడు. మొహం చూస్తే ఎవరో దగ్గరవాళ్ళు పోయినట్టుంది. నాకు నవ్వు ఆగిపోయింది.

అక్క లోపలికి వెళ్ళి బ్లోయరు ఆపేసింది.

"ఏమిటండీ ఇది? ఆవిడకు కన్ను కొట్టారు సరే, నిప్పుకి కూడానా?"

"ఆవిడకెందుకు కొడతానే? ఆవిడ కట్టుకున్న పసుపు రంగు బట్ట ఏ కంటికి ఎలా ఉందో చూశా."

"ఎలా ఉంది?"

బావ పట్టకారు కింద పెట్టాడు. "ఎడమ కంటికి పసుపు. కుడి కంటికి తెలుపుకి దగ్గరగా ఉంది. ఈ కొత్త కన్ను నాకు అన్నీ వేరేగా చూపిస్తోంది. దిమ్మ నిమ్మపండు రంగుకొచ్చిందని తీస్తాను. అప్పటికి అది ఇంకా పచ్చిదే. నేను ఇన్నేళ్ళూ చూసిన రంగు పొరలోంచి చూసిన రంగన్నమాట. ఆ పొర తీసేశారు. ఇప్పుడు వేడి తెలిసేది ఎడమ కంటికొక్కదానికే. అదీ మసకే, గంట పనికే నీళ్ళు కారుతోంది. దాన్ని కూడా కోసేస్తే నాకింక కొలిమి లేదు."

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా."

"అందరూ సంబరపడుతున్నారు. చూపొచ్చినవాడు కూర్చుని ఏడిస్తే ఏం బాగుంటుంది? అయినా నీకు చెబితే, మంచిదైంది మానేయండి అంటావు."

అక్క బొగ్గు బస్తా మీద కూలబడింది. "నేను మానేయమన్నది మీ దగ్గు చూసి. మీకు పని చేతకాకుండా పోవాలని కాదు" అంది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. పిరికివాడని ఆటపట్టించిన మనిషి ఇన్నాళ్ళూ ఈ బరువు మోస్తున్నాడని అప్పుడు తెలిసింది.

మా అక్కది ఒకటే గుణం. ఏడుపు, కోపం, ఆలోచన మూడూ ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తాయి. ముక్కు తుడుచుకుని లేచింది.

"ఎడమ కంటికి తెలుసన్నారుగా. అది ఇంకా ఉందిగా. పోయేలోపు కుడి కంటికి నేర్పించి పొమ్మనండి."

"కళ్ళు ఒకదానికొకటి పాఠాలు చెప్పుకుంటాయా?"

"ఎడమ కంటితో చూడండి. అది పండిందన్న క్షణాన దాన్ని మూసి, కుడి కంటితో చూడండి. అదేం రంగో గుర్తు పెట్టుకోండి. పదిసార్లు, వందసార్లు చూడండి. మీకు ఓపిక తక్కువా?"

తేదీ వెనక్కి జరపమని డాక్టరమ్మకు ఫోన్ చేస్తే కేకలేసింది. చివరికి ఒక్క వారం ఇచ్చింది. అంతకు మించి ఆగితే కన్ను పాడవుతుంది, తన పూచీ లేదంది.

అక్క నల్లగుడ్డతో, ఎలాస్టిక్‌తో కంటికి కట్టే మూత కుట్టింది. బావ దాన్ని అటూ ఇటూ మారుస్తూ పనికిరాని ముక్కలు కాల్చడం మొదలెట్టాడు. ఎడమ కన్ను పండు నిమ్మ అన్నప్పుడు కుడి కంటికి ఏం కనిపిస్తోందో రెండు రోజులు ఆయన చెప్పలేకపోయాడు. తెలుపు అంటాడు, కాదంటాడు, పాలంటాడు, కాదంటాడు. మూడో రోజు, "వెన్న. అప్పుడే కరగబోతున్న వెన్న" అన్నాడు. ఆ మాట దొరికాక పని దారిలో పడింది. ఎడమ కన్ను కప్పేసి, కుడి కంటి మీదే నమ్మకం పెట్టి ముక్క బయటికి తీసేముందు, మూత ఎత్తి ఎడమ కంటిని అడిగేవాడు. మొదట్లో ప్రతిసారీ కుడి కన్ను తొందరపడేది. వారం చివరికి రెండు కళ్ళూ ఒకే మాట మీదికొచ్చాయి.

ఆస్పత్రికి బయల్దేరే ముందు బావ నాతో ఒక మాట అన్నాడు. "ఇప్పుడంటే నేను తప్పు చూస్తే దిద్దడానికి పాత కన్నుంది. రేపట్నుంచి ఎవరు దిద్దుతారురా?" నేను ఆయన చెయ్యి పట్టుకుని బయల్దేరదీశాను.

రెండో ఆపరేషనూ బాగానే జరిగింది. కానీ ఆ తర్వాత పొగ, సెగ తగలకూడదన్నారు. ఆ విశ్రాంతి రోజుల్లో ఆయన పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. ఇంట్లో గోడలు చూసేవాడు, లైటు చూసేవాడు. వెన్న రంగు మర్చిపోతానేమో అనేవాడు. మర్చిపోరు అని అక్క అనేది. అలా అంటూనే పక్కకి వచ్చి నన్ను అడిగేది, "మర్చిపోతారంటావా?" అని.

డాక్టరమ్మ సరేనన్న రోజు పొద్దున్నే ముగ్గురం కొలిమి గదిలో చేరాం. బావ కొత్త రేకులు పేర్చి, కదలకుండా చివర్లు వెల్డింగుతో పట్టించి, అతుకులో మైల చేరకుండా వెలిగారం పొడి చల్లి నిప్పులో పెట్టాడు. వెలిగారం కరిగి దిమ్మ ఒళ్ళంతా తడి తడిగా మెరిసింది. అక్క గాలి పెంచింది. ఎరుపు వచ్చింది, నారింజ వచ్చింది, పసుపు వచ్చింది. నేను సమ్మెట పట్టుకుని నిలబడ్డాను. పండు నిమ్మ రంగన్న పాత లెక్క ప్రకారమైతే తీయాలి. ఆయన తీయలేదు. ఇంకా పెట్టే ఉంచాడు. కాలిపోతోంది బావా అందామని నోటిదాకా వచ్చింది. అక్క నా వైపు ఒక చూపు చూసింది, నోరు మూసుకున్నాను. బావ కళ్ళు రెండూ తెరిచే ఉన్నాయి. రెప్ప కూడా వేయడం లేదు.

"ఆ" అన్నాడు, తీశాడు.

దాగలి మీద పెట్టి చిన్న సుత్తితో తట్టాడు. నేను దెబ్బ వేశాను. వెలిగారం చిమ్మి నా ముంజేతి మీద పడింది, చురుక్కుమన్నా ఆగలేదు. దెబ్బకు ఒకటిగా దిగింది దిమ్మ, ఎక్కడా డొల్ల చప్పుడు లేదు. అయినా చప్పుడును నమ్మి మోసపోయిన దిమ్మలు ఆ మూలే పడి ఉన్నాయి కాబట్టి చల్లారేదాకా ఆగాం. నా జీవితంలో ఇనుము అంత నెమ్మదిగా చల్లారడం ఎప్పుడూ చూడలేదు.

బావ చివర కోశాడు. సాన పట్టాడు. చూడకుండానే అక్క చేతిలో పెట్టాడు.

"నువ్వు చూడు. నా వల్ల కాదు."

అక్క కిటికీకి కట్టిన గోనెపట్టా లాగేసింది. వెలుతురులో అటు తిప్పింది, ఇటు తిప్పింది. గోటితో గీరింది. పైట చెంగుతో తుడిచి మళ్ళీ చూసింది.

"గీత లేదు."

"సరిగ్గా చూడు."

"గీత లేదండీ. ఎక్కడా లేదు."

బావ పట్టకారు వదిలేశాడు. ఆయన కన్నీళ్ళు పెట్టుకోవడం కూడా నిదానంగానే జరిగింది. ముందు గడ్డం వణికింది, తర్వాత భుజాలు, ఆ తర్వాత నీళ్ళు. మసి చేతులతోనే కళ్ళు తుడుచుకోబోతే అక్క ఒక్క అంగలో వచ్చి రెండు మణికట్లూ పట్టేసుకుంది. "కళ్ళలో చేతులు పెట్టొద్దని డాక్టరమ్మ లక్షసార్లు చెప్పింది" అని కేకలేస్తూ తనూ ఏడ్చేసింది. నాకూ ప్రాణం లేచొచ్చింది. సమ్మెట ఆనించి అక్కడే చతికిలబడ్డాను.

"నిజంగా లేదా?" అన్నాడు బావ, చేతులు ఆమె పట్టులో ఉండగానే.

"నా మాట నమ్మకపోతే మీరే చూసుకోండి. రెండు కళ్ళున్నాయిగా."

ఆమె చేతులు వదిలి ముక్క ఆయనకిచ్చింది. బావ వెలుతురు వైపు తిరిగి చూశాడు. ఈసారి కన్ను మార్చలేదు, రెండింటితోనూ చూశాడు. చాలాసేపు చూసి, కిటికీకి మళ్ళీ గోనెపట్టా కట్టమని నాకు చెప్పాడు.

"దీన్ని మడవాలి. గాలి పెట్టు" అన్నాడు అక్కతో.

అక్క వెళ్ళి బ్లోయరు వేసింది.