అనుమానమున్న యాభై తూటాలు

2025 జనవరి 11, శనివారం. తెల్లవారుతూనే పక్కింటి పిన్ని చెప్పులు కూడా లేకుండా వచ్చి మా తలుపు కొట్టింది. "మీ బాబాయి లేవట్లేదమ్మా" అంది. అంబులెన్స్ వచ్చేసరికే ఆయన పోయారు. నిద్రలోనే గుండె ఆగిందట.

ఆయన మాకు చుట్టం కాదు. అబుదాబి శివారు బనియాస్‌లో మా పక్క ఫ్లాటు, గోదావరి జిల్లా మనిషి. మఫ్రఖ్ దాటాక ఉన్న ఒక షూటింగ్ క్లబ్బులో పని. పేలిన తూటాల ఖాళీ గొట్టాలను శుభ్రం చేసి, మందు తూచి పోసి, పైన గుండు బిగించి, మాగ్నమ్ రివాల్వర్లకు మళ్లీ తూటాలు తయారుచేసేవారు. మందు తూచేటప్పుడు ఎవరితోనూ మాట్లాడరు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. టీలో పంచదార వేసేటప్పుడు కూడా మౌనమే. "ఊపిరి బిగబట్టవే, మీ బాబాయి పంచదార పోస్తున్నారు!" అని పిన్ని నవ్వేది.

కిందటేడు క్లబ్బు ముదీర్‌ని, అంటే మేనేజర్‌ని, అడిగి నన్ను క్లబ్బుకు తీసుకెళ్లారు. ప్రతి గొట్టంలోకీ టార్చి వేసి, మందు ఒక్కసారే పడిందో లేదో చూసి, ఆ తర్వాతే గుండు బిగిస్తున్నారు. రెండుసార్లు పడితే కాల్చేవాడి చేతిలో తుపాకే పగిలిపోతుందట. కొత్త మాటలంటే నాకు పిచ్చి. ఆగలేకపోయాను.

"బాబాయ్, వీటిని మీ ఊళ్లో ఏమంటారు?"

"గొట్టాలంటాం అమ్మాయ్..." అంటూనే నాలుగైదు బిగించేశారు. చెయ్యి ఆగిపోయింది. లోపల చూశారో లేదో ఆయనకు గుర్తులేదు. అప్పటికే అవి ఆ పూటకు చేసిన యాభైలో కలిసిపోయాయి.

ముదీర్ లోపలికి వచ్చారు. "క్యా హువా భాయ్? మెహమాన్ బైఠే హై. యల్లా, జల్దీ!"

"నహీ సాబ్. పూరే పచాస్ ఖోల్నా హై. ముఝే షక్ హై." నాకు అనుమానంగా ఉంది, యాభైకి యాభై విప్పాలి అని బాబాయి అన్నమాట.

నేను నోరు తెరవబోతే బాబాయి చెయ్యి అడ్డంపెట్టారు. అతిథులు కాల్చకుండానే వెళ్లిపోయారు. ముసలాడికి మతిమరుపు వచ్చిందని ముదీర్ కేకలేసి, తూటాలు చేసే పని ఇంకొకరికి అప్పగించారు. ఆనాటి నుంచి బాబాయికి తుపాకులు తుడిచే పనే.

తిరిగొస్తూ దారిలో ఏడ్చాను. "నువ్వు అడిగావు, జవాబిచ్చింది నేను. నీ తప్పేంటి?" అన్నారు. మళ్లీ ఆయనే అన్నారు: "అనుమానమున్న తూటా ఇవ్వకూడదమ్మాయ్. అది పేలేది ఎవడి చేతిలోనో."

ఆయన వద్దన్నారు కాబట్టి ఊరుకున్నానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. నిజానికి నాకు భయం వేసింది. ఈ మధ్యాహ్నం పిన్ని ఏడుస్తూ, "ఇరవయ్యేళ్లు చేసినోడికి మతిమరుపంటారా? ఆ మాటే తినేసిందమ్మా ఆయన్ని" అంది. ఆమెకూ తెలియదు, ఆ రోజు మధ్యలో మాట్లాడింది నేనని.

రేపు ఉదయం ఏడింటికి ముదీర్ పరామర్శకు వస్తారట. అంతకు ముందే, ఆరింటికి, పిన్ని దగ్గరకు వెళ్లి చెబుతాను. ముదీర్ వచ్చాక ఆమె పక్కనే నిలబడి, ఆయనకూ చెబుతాను.